వెయ్యో దెయ్యానికి చోటుంది!

కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లోని 'హాంటెడ్ మాన్షన్' నుంచి బయటికొచ్చాక ఎవరి అభిప్రాయం వారిదే. అక్కడికెళ్లిన ఓ తెలుగు కుటుంబానిదీ అదే తీరు.

'అస్సలు భయం వెయ్యలేదు' అన్నాడు పదేళ్ల మనవడు, లోపల సగంసేపు కళ్లు మూసుకున్న సంగతి మరిచిపోయి. తండ్రి ఇంజినీరు. ఆయన దృష్టంతా కిటుకు మీదే. హాల్లో నాట్యమాడే దెయ్యాలు సినిమా బొమ్మలు కావు. అసలు బొమ్మలు మన కంటపడకుండా తిరుగుతుంటే, పెద్ద గాజుపలకలో వాటి ప్రతిబింబం కనిపిస్తుందంతే. 1862లో లండన్‌లో ప్రదర్శించిన పాత ఉపాయమే! 1969లో తెరిచిన ఈ భవంతిలో 999 దెయ్యాలున్నాయనీ, ఇంకొకరికి చోటుందనీ చెబుతారు.

నానమ్మకు దెయ్యాలతో పేచీ లేదు. ఆమె గుండెదడంతా బండి ఎక్కేచోటే. బండ్లు ఆగవు, వాటితోపాటు కదిలే పట్టీ మీద కాలు పెట్టాలి. విజయవాడలో ఎస్కలేటర్‌ని చూసే వెనక్కి తిరిగే మనిషామె. 'మీరు వెళ్లి రండి, నేనిక్కడ కూర్చుంటా' అంది. భర్త పోయాక ఈ రెండేళ్లలో ఆమె ఎక్కువసార్లు అన్న మాట అదే. కొడుకు చెబితే సిబ్బంది పట్టీ వేగం తగ్గించారు. మనవడు చెయ్యి పట్టుకున్నాడు. ఎక్కేసింది!

చివర్లో అద్దం. అందులో ఆమె పక్కనే ఓ దెయ్యం! ఆమె కాస్త జరిగింది.

'అదేంటి నానమ్మా?'

'ఎన్నాళ్లుగా నిలబడిందో పాపం... కూర్చోనీరా!'

బయటికొచ్చాక అందరికన్నా ముందు ఆమే అడిగింది... 'తర్వాత ఏది ఎక్కుదాం?'