సర్వలో శాస్త్రం

వడ్డించే గిన్నె వేరు, తినే పదార్థం వేరు అని మనం అనుకుంటాం. తిన్న తరువాత గిన్నెను తోమి బోర్లిస్తాం. కాని గిన్నే ఆహారమైతే తోమే పని ఉండదు, పారవేసేదీ ఉండదు. గుండ్రని రొట్టె కాల్చి, పైభాగం మూతలాగా కోసి, లోపలి మెత్తని భాగం తీసి, అందులో సూపు పోసుకుని గిన్నెతో సహా తినే అలవాటు కొన్ని దేశాల్లో ఉంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఇటువంటి పుల్లని రొట్టె గిన్నెలకు ప్రసిద్ధి.

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరపు కథ మనకు ఇంకా దగ్గరిది. చెరకు తోటల్లో పనికని మద్రాసు నుంచి బయలుదేరిన కూలీల మొదటి ఓడ, ట్రూరో, 1860 నవంబరు 16న అక్కడికి చేరింది. ఆ దేశానికి అలా వెళ్ళినవారిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. రొట్టెను తొలిచి అందులో కూర నింపే 'బన్నీ చౌ' డర్బన్ భారతీయుల మధ్యనే పుట్టింది. మొదట ఎవరు చేశారన్న దానికి పలు కథలున్నాయి గాని, కంచం లేని చోట కూర తినడానికి అది మంచి ఉపాయమన్న మాట మాత్రం కాదనలేం.

మరి మన వరంగల్లుకు ఏముంది? మనకు సర్వపిండి ఉంది. సర్వప్ప, గిన్నెప్ప, తపేలా చెక్క అని ఊరికో పేరు. మా ఇంట్లో బియ్యం అమ్మకానికి పోతే నూకలు మాకు మిగులుతాయి. ఆ నూకలనే అమ్మ గిర్నీ పట్టిస్తుంది. పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి, గుండ్రటి సర్వ లోపల అడుగు నుంచి అంచుదాకా పలుచగా అద్దుతుంది. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి నూనె వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాలుస్తుంది. కాలి ఊడివచ్చినప్పుడు అది అచ్చం గిన్నె ఆకారంలోనే ఉంటుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోతూ హనుమకొండ చౌరస్తాలో మైదాపిండి, ఈస్ట్ కొనుక్కుపోయాను. అరకిలో మైదాకు 300 మిల్లీలీటర్ల నీళ్ళు, 7 గ్రాముల ఈస్ట్, 10 గ్రాముల ఉప్పు. చలికాలం కాబట్టి పిండిని పొయ్యి పక్కనే పెట్టాను. రెండు గంటలకు రెట్టింపయింది. రెండు ఉండలు చేసి, ఒకదాని అంచుకు జడలాగా అల్లిన పిండిని అతికించాను, రెండోదాని మీద బ్లేడుతో వరికంకి గీశాను. ఓవెన్ లేదు కాబట్టి ఇనుప గంజులో ఇసుక పోసి, మూత మీద నిప్పులు పేర్చి, ముప్పావుగంట కాల్చాం. చల్లారినాక తొలిచి, లోపలి తడి ఆరడానికి మళ్ళీ కాసేపు సెగకు పెట్టి, చిక్కటి టమాట పప్పు పోశాను.

అమ్మ తిప్పి తిప్పి చూసింది. "గిది మన సర్వపిండి తీరుగనే ఉన్నది గద బిడ్డా! మనది గిన్నె లోపల అత్తుకుంటది, ఇది దానంతట అదే ఉబ్బింది," అన్నది.

బాపు అప్పటిదాకా మాట్లాడలేదు. ఈ యేటితో నా డిగ్రీ అయిపోతుంది. ఆ తరువాత ఎమ్మెస్సీయా, ఎవుసమా అన్నది మా ఇంట్లో తేలని మాట. "గీ చదువుతోని ఏమొస్తది?" అని ఆయన చాలాసార్లు అడిగాడు. ఆ రోజు మాత్రం వేరే ప్రశ్న అడిగాడు. "మన బియ్యప్పిండి ఎందుకు ఉబ్బదురా?"

గోధుమపిండి తడిస్తే అందులోని మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ అనే సాగే వల అవుతుందనీ, ఈస్ట్ వదిలే బొగ్గుపులుసు వాయువు ఆ వలలో చిక్కి పిండి పొంగుతుందనీ చెప్పాను. బియ్యంలో ఆ వల లేదు. దానిలోని పిండిపదార్థం తడితో వేడెక్కి, సుమారు 60 నుంచి 80 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉబ్బి జిగురై అతుక్కుంటుంది. నీరు ఇగిరినాక వేడి ఇంకా పెరిగి ఎర్రని పొర కడుతుంది. ఆ ఎర్రదనాన్ని ఇచ్చే చర్యను 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు.

"గయితే నేను చిల్లులెందుకు పెడత?" అన్నది అమ్మ. "నూనె అడుక్కు దిగడానికి, ఆవిరి పోవడానికి," అన్నాను. "అది నాకెరుకే. నీకెరుకనా అని అడిగిన," అని నవ్వింది. ఒక వాయి కాగానే వేడి సర్వను బోర్లించి నీళ్ళు పోయడం కూడా అంతే. కాలిన లోహం మీద పిండి తగలగానే ఉడికిపోతుంది, పలుచగా పరుచుకోదు. ఇదంతా అమ్మ చేతికి తెలుసు. నేను మూడేళ్ళు చదివి నేర్చుకున్నది ఆ చేతికి తెలిసినదానికి కారణం చెప్పడం.

రొట్టె మీద నేను గీసిన వరికంకీ ఉత్త సింగారం కాదు. ఓవెన్లో పొంగే రొట్టె ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఆ పగులు ఎక్కడ రావాలో గీత చెబుతుంది. అమ్మ చిల్లులూ చూడడానికి అందమే, కాని ముందు అవసరం.

బాపు తన రొట్టె గిన్నెను పప్పుతో సహా తిని లేచి, "ఆ ఎంట్రెన్సు ఎప్పుడన్నవ్?" అని అడిగాడు. అది ఒప్పుకోలు అని నేను చెప్పలేను. కాని అడిగాడు.

మిత్రులారా! మనలో చాలామంది పల్లెల నుంచే ఈ కాలేజీకి వచ్చాం. ఈసారి సెలవులకు పోయినప్పుడు మీ అమ్మ పొయ్యి దగ్గర కాసేపు కూర్చోండి, నోటుబుక్కు తీసుకుని కూర్చోండి. మనం పరీక్షల్లో రాసే జవాబులకు ప్రశ్నలు చాలా అక్కడే ఉన్నాయి.