అల్లికను చదువుట

అల్లిక నేర్చుకొనువారిని బాధించునది సూదులను పట్టుట కాదు. రెండు సూదులను పట్టి, దారమును చుట్టి, ఒక ఉచ్చులోనుండి మరియొక ఉచ్చును లాగుట ఒక పూటలో పట్టుబడు పని. కష్టము ఆ తరువాత వచ్చును. నాలుగంగుళములు అల్లిన పిమ్మట చూచుకొనగా అంచు ఒక ప్రక్కకు ఒరిగియుండును. నడుమ ఒక రంధ్రము కనిపించును. 30 ఉచ్చులతో ఆరంభించిన వరుస 34 ఉచ్చులై కూర్చుండును. ఏమి జరిగినదో తెలియదు. ఎక్కడ జరిగినదో అంతకంటెను తెలియదు. అప్పుడు పెక్కుమంది చేయు పనులు రెండే: అంతయు విప్పి మొదటికి వచ్చుట, లేదా సూదులతోసహా పెట్టెలో పెట్టి మూతవేయుట. మొదటి పనిని మూడుసార్లు చేసినవారు నాలుగవసారి రెండవదానినే చేయుదురు.

ఉన్ని అల్లికతో పుట్టినింట పరిచయము లేనివారికి ఈ కష్టము మరింత ఎక్కువ. అట్టివారు పెద్దసంఖ్యలో వచ్చి చేరిన ఊరు ఖరగ్‌పూరు. 19వ శతాబ్ది అంతమున బెంగాల్ నాగపూర్ రైల్వే ఇచట కూడలిని నెలకొల్పినది. పెద్ద కర్మాగారము వెలసినది. తూర్పుతీరపు రైలుమార్గము ఏర్పడిన తరువాత శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు కొలువులకై ఇచటికి తరలివచ్చిరి. ఆ రైల్వే 1952లో తూర్పు రైల్వేలో కలిసి, 1955లో ఆగ్నేయ రైల్వేగా వేరుపడినది; తెలుగు కుటుంబములు మాత్రము తరతరములుగా ఇచటనే నిలిచినవి. ఒకే క్వార్టర్ల వరుసలో తెలుగువారు, వంగీయులు, ఆంగ్లో ఇండియనులు, ఒడియావారు ఇరుగుపొరుగులైరి. సముద్రతీరమున దుప్పటితో గడచిపోవు శీతకాలము ఇచట దుప్పటితో గడవదు. డిసెంబరు, జనవరి మాసముల రాత్రులలో పసిబిడ్డలకు ఉన్ని కావలెను.

తెలుగులో అల్లుట అను మాటకు కొదువలేదు. జడను అల్లుదురు, చాపను అల్లుదురు, వలను అల్లుదురు. తీగ పందిరికి అల్లుకొనును. కట్టుకథను సైతము అల్లుదురు. కాని ఉన్ని అల్లికకు సంబంధించిన పనిమాటలు ఈ ఊరిలో వంగభాషలో వినబడును. సూది వారికి కాంటా. సూదిమీది ఉచ్చు వారికి ఘర్, అనగా ఇల్లు. అల్లిక ఆరంభించుట ఇండ్లను ఎత్తుట. ముగించుట ఇండ్లను మూయుట. ముందువైపు నునుపుగా వచ్చు అల్లిక సోజా. దానికి తిరుగుడు ఉల్టో. ఉచ్చు జారినప్పుడు ఇల్లు పడిపోయినదందురు. వంగభాష అప్పుడప్పుడే చెవినిబడుచున్న క్రొత్త కోడలు ప్రక్కింటి వరండాలో ఈ మాట విని ఉలికిపడినచో ఆమె తప్పు కాదు.

ఇచటి చలి చిన్నది. డిసెంబరు నడుమ మొదలై జనవరితో ఇంచుమించు ముగియును. ఏడాది బిడ్డకై ఆరంభించిన స్వెట్టరు ఆ ఆరువారములలోపల పూర్తికాకపోయినచో మరుసటి చలికి అది బిడ్డకు పట్టదు. కనుక తప్పు కనబడగానే అంతయు విప్పుట సద్గుణము కాదు. తప్పును చూడనట్లుండుటయు పనికిరాదు. ఏ తప్పును వెంటనే దిద్దవలెనో, దేనిని లెక్కతో సరిపెట్టవచ్చునో, దేనిని ఉన్నచోటనే ఉండనీయవచ్చునో తెలియుటయే నేర్పు. అల్లికలోని తప్పులు, జాగ్రత్తగా చూచినచో, మూడు జాతులు: ప్రాకునవి, పెరుగునవి, నిలిచియుండునవి.

జారిన ఉచ్చు ప్రాకు జాతి. సూదినుండి తప్పించుకొన్న ఉచ్చు తన క్రింది ఉచ్చును విడుచును. అది దాని క్రిందిదానిని విడుచును. కొంతసేపటికి అల్లికలో నిచ్చెన ఏర్పడును. భయపడి బట్టను లాగినచో నిచ్చెన పొడవగును. కాబట్టి మొదటి పని లాగకుండుట. రెండవది జారిన ఉచ్చునకు ఒక పిన్నీసు గ్రుచ్చుట. ఉన్ని వెండ్రుకమీద చేపపొలుసులవంటి సన్నని పొరలుండును. అవి ఒకదానినొకటి పట్టుకొనుటచే ఉన్ని నెమ్మదిగా జారును. నునుపైన ఆక్రిలిక్ దారమునకు, పట్టునకు ఆ ఓర్పు తక్కువ. తరువాత కొక్కెపు సూదిని సోజావైపునుండి ఉచ్చులో దూర్చి, దానికి పైనున్న మొదటి అడ్డుపోగును పట్టి ఉచ్చులోనుండి ముందుకు లాగవలెను. ఇట్లు మెట్టు వెంట మెట్టుగా నిచ్చెనపై ఎక్కి, చివరి ఉచ్చును ఎడమ సూదిమీదికి చేర్చవలెను. జారినది ఉల్టోవైపు కనిపించినచో బట్టను త్రిప్పి, పనిని సోజావైపే చేయుట సులభము. పది వరుసలు జారినను ఒక్క వరుసను కూడ విప్పనక్కరలేదు.

లెక్క తప్పుట పెరుగు జాతి. ఆరంభకుల బట్ట అంచున వెడల్పగుటకు ప్రాయికముగా రెండు కారణములు. వరుసను త్రిప్పిన పిమ్మట దారము సూది మీదుగా వెనుకకు పోయినచో మొదటి ఉచ్చు పైకి లాగబడి, దాని రెండు కాళ్లును రెండు ఉచ్చులవలె కనిపించును. తెలియనివారు రెంటిని వేరువేరుగా అల్లుదురు. దారమును సూది క్రిందుగా వెనుకకు తీసికొన్నచో ఈ చిక్కు ఉండదు. రెండవది, ఉల్టోకు దారము సూదికి ముందుండవలెను, సోజాకు వెనుకనుండవలెను. ముందునుండి వెనుకకు మార్చునప్పుడు దానిని రెండు సూదుల నడుమనుండి తీయక సూది మీదుగా వేసినచో, అక్కడ ఒక దొంగ ఉచ్చు పుట్టి క్రింద రంధ్రమును మిగుల్చును. మరుసటి వరుసలో కనబడినచో ఆ దొంగ ఉచ్చును సూదినుండి వదలివేసిన చాలును. మిగిలిన దారమును ప్రక్క ఉచ్చులు పంచుకొనును. ఆలస్యముగా కనబడినచో అంచున రెండు ఉచ్చులను కలిపి ఒకటిగా అల్లి లెక్కను సరిచేయవచ్చును. ప్రతి వరుస చివరను ఒకసారి లెక్కించువారికి ఈ జబ్బు ముదరదు.

నడుమ రంధ్రము, ఆ చోట ఒకవైపు రెండు వరుసలు ఎక్కువ: ఇదియు ఈ జాతిదే. వరుస సగములో ఆపి, బిడ్డ ఏడ్చెనని లేచి, తిరిగివచ్చి సూదులను తారుమారుగా పట్టుటచే ఇది కలుగును. దారపుండకు పోవు పోగు ఏ సూదిమీది ఉచ్చునుండి వచ్చుచున్నదో ఆ సూది కుడిచేతిలో ఉండవలెను. ఈ ఒక్క గుర్తు చాలును. వరుసను ముగించి లేచుట అంతకంటె మేలు.

నిలిచియుండు తప్పులకు తొందరలేదు. సోజా చోట ఉల్టో పడినదనుకొందము. అది ప్రాకదు, పెరుగదు. ఒక చిన్న గంటువలె అక్కడనే ఉండును. వెనుక వీపునగాని చంకక్రిందగాని ఉన్నచో విడిచిపెట్టుట వివేకము. రొమ్ముమీద కనబడుచున్నచో, దానికి నేరుగా పైనున్న ఒక్క ఉచ్చును సూదినుండి కావలెనని జార్చి, నిచ్చెనను తప్పువరకు దింపి, కొక్కెముతో మరల సరిగా ఎక్కించవచ్చును. మొదట ఏ జారుడును చూచి భయపడిరో, ఆ జారుడే ఇచట పనిముట్టగును.

మెలికపడిన ఉచ్చు కూడ ఇట్టిదే. సాధారణ పద్ధతిలో సూదిమీది ప్రతి ఉచ్చునకు రెండు కాళ్లు. కుడికాలు సూదికి ముందు, ఎడమకాలు వెనుక. విప్పి మరల ఎక్కించునప్పుడు ఇవి తారుమారగును. అట్లే అల్లినచో ఆ ఉచ్చు మెడ మెలిపెట్టినట్లు బిగియును. అట్టి ఉచ్చును వెనుక కాలినుండి అల్లినచో మెలిక విడిపోవును.

కొన్ని తప్పులు అల్లికకు ముందే పుట్టును. భారతదేశపు దుకాణములలో సూదులకు పాత ఆంగ్లేయ సంఖ్యలు వాడుకలో నున్నవి. వాటిలో సంఖ్య పెరిగినకొలది సూది సన్నగిలును. 8వ సంఖ్య 4 మిల్లీమీటర్లు, 10వ సంఖ్య 3.25 మిల్లీమీటర్లు. అమెరికా లెక్క దీనికి విరుద్ధము. అచట 10వ సంఖ్య 6 మిల్లీమీటర్లు. ఒక దేశపు కొలతను మరియొక దేశపు సూదితో అల్లినవారి స్వెట్టరు ఎవరికిని పట్టదు. కనుక సంఖ్యను నమ్మక మిల్లీమీటర్లను చూడవలెను. ముందుగా ఒక చిన్న నమూనా ముక్కను అల్లి, పది సెంటీమీటర్లకు ఎన్ని ఉచ్చులు వచ్చినవో లెక్కించవలెను. 20 రావలసినచోట 22 వచ్చినచో తేడా అల్పముగా తోచును. కాని 200 ఉచ్చుల చుట్టుకొలత 100 సెంటీమీటర్లు కావలసినది 91 కంటె తక్కువగును. పెద్దవారి స్వెట్టరునకు తొమ్మిది సెంటీమీటర్లు అల్పము కావు.

బిగువు మరియొక చిక్కు. భయపడినవారు దారమును బిగించి పట్టుదురు. సూది మొనమీదనే ఉచ్చులను చేయుదురు. ఉచ్చును సూది లావుపాటి భాగముమీదికి జరిపి చేసినచో అది తగినంత వదులగును. మొదటి వరుసయు, మెడవద్ద ముగింపు వరుసయు మరి లావైన సూదితో చేయవలెను. అంతయు చక్కగా కుదిరి చివర బిగువైనచో పసివాని తల మెడలోనుండి దూరదు. అప్పుడును స్వెట్టరును విప్పనక్కరలేదు. ముగింపు వరుసను మాత్రము విప్పి వదులుగా మూసిన చాలును.

తప్పు కానిదానిని తప్పని భావించుటయు కలదు. ముందంతయు సోజా, వెనుకంతయు ఉల్టోగా వచ్చు అల్లిక అంచులవద్ద చుట్టుకొనును. ఎంత ఇస్త్రీ చేసినను అది మానదు. అది ఆ అల్లిక స్వభావము. అంచున నాలుగైదు ఉచ్చులు రెండువైపులను సోజాగానే అల్లినచో బట్ట చదునుగా నిలుచును. స్వభావమును దిద్దబోక దానికి అంచు కట్టుటయే ఉపాయము.

ఈ విద్య ఒకరినుండి ఒకరికి చేరు తీరులో ఒక లోపము కలదు. నేర్పరియైన పొరుగామె చేతిలోని సూదులను లాగికొని, నాలుగు క్షణములలో తప్పును దిద్ది తిరిగి ఇచ్చివేయును. స్వెట్టరు బాగుపడును; నేర్చుకొనునామె ఉన్నచోటనే ఉండును. మంచి గురువు సూదులను ముట్టదు. వ్రేలితో రంధ్రమును చూపి, దానికి క్రిందనున్న ఉచ్చును చూపి ఊరకుండును. భాష చాలనిచోట ఈ పద్ధతి మరింత బాగుగా సాగును. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగునకు అధికారభాషగా గుర్తింపునిచ్చినది 2020లో. వరండాల నడుమ సాగు పాఠములకు అట్టి గుర్తింపు అవసరము కాదు. రైల్వేలో చక్రమును సుత్తితో తట్టి, మ్రోతనుబట్టి పగులును పసిగట్టు పద్ధతి చిరకాలము సాగినది. అచట చెవి చేసిన పనిని ఇచట కన్ను చేయవలెను: విప్పుటకు ముందు చదువవలెను.

విప్పవలసివచ్చిననాడు విప్పుటయు నష్టము కాదు. నేతబట్టను కత్తిరించినచో తిరిగి నూలు కాదు. ఉన్ని అల్లిక మాత్రము విప్పగనే దారమగును. బిడ్డకు చిన్నదైన స్వెట్టరును విప్పి, దారమును చిలుపగా చుట్టి, గోరువెచ్చని నీట తడిపి ఆరవేసినచో ముడతలు చాలవరకు పోవును. మరికొంత ఉన్ని చేర్చి పెద్దది అల్లుట ఈ దేశమున ఎన్నో ఇండ్లలో నడచిన పొదుపు. విప్పు భయమున్నవారు పది వరుసలకొకసారి వేరు రంగు సన్నని నూలును సూదిమీది ఉచ్చులన్నింటిలోనుండి గ్రుచ్చి ఉంచవచ్చును. ఎంత విప్పినను ఆ నూలువద్ద ఆగిపోవును. అంతకు క్రిందిది పదిలము.

1589లో విలియం లీ అను ఆంగ్లేయుడు అల్లిక యంత్రమును నిర్మించినాడు. ఇప్పుడు లుధియానా యంత్రముల స్వెట్టర్లు ఊరూర లభించును. చేతి అల్లిక చవుకయని వాదించుట నేడు కుదరదు. కాని యంత్రపు స్వెట్టరు మోచేతివద్ద ఒక పోగు తెగినచో, చదువరానివారికి అది పారవేయవలసిన గుడ్డ. చదువవచ్చినవారికి జారిన ఒక ఉచ్చు. బిడ్డ చలికి వణకుచున్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు. కాబట్టి నేర్పువారు మొదటి దినముననే ఒక ముక్కను అల్లించి, ఒక ఉచ్చును తామే జార్చి, దానిని ఎక్కించుట నేర్పుట మంచిది. స్వెట్టరును తరువాత ఆరంభించవచ్చును.