మడత పందిరి చెప్పిన పాఠము

వేసవి సెలవులు వచ్చినంతనే మోటారుబండిలో సామాను సర్దుకొని, కొండ ప్రాంతముల కేగి, బండి ప్రక్కనే బస చేసి వచ్చుట యీ దినములలో మన కుటుంబములకును అలవాటగుచున్నది. అట్టి ప్రయాణమున పొయ్యియు, పడకయు అందరకును జ్ఞప్తియందుండును గాని, యెండకును వానకును అడ్డు నిలువవలసిన పందిరిని గూర్చి యాలోచించువారు అరుదు. మేమును అట్టివారిలో చేరినవారమే. 2023వ సంవత్సరము మే నెలలో మాకు కలిగిన యనుభవము మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ప్రయాణమునకు రెండు దినములు ముందు ఒక యంగడిలో మడత పందిరి నొకదానిని కొంటిమి. దాని కొలత మూడు మీటర్లకు మూడు మీటర్లు. నాలుగు కాళ్లను పట్టి లాగినచో గొడుగువలె విచ్చుకొనును. వెల తక్కువ, బరువు తక్కువ, రంగు మిక్కిలి సొగసు. "ఎంత గాలికైనా కదలదు సార్" అని అంగడిలోని యువకుడు చెప్పెను. మేము గణితము బోధించువారము. అయినను ఆ కాళ్ల రేకు ఎంత మందమో చేతితో నొక్కి చూడనైన లేదు. దానితో నిచ్చిన త్రాళ్లును మేకులును అనవసరపు బరువని యెంచి యింటనే విడిచితిమి.

విశాఖపట్టణమునుండి అరకులోయకు రోడ్డు మార్గమున ఇంచుమించు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఘాటు నెక్కి, కాఫీ తోటల నడుమ సాగి, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న ఆ లోయను చేరితిమి. ఒక రైతు అనుమతి నొసగగా అతని కళ్లము ప్రక్కను బండి నిలిపితిమి. రెండు నిమిషములలో పందిరి లేచెను, నీడ యేర్పడెను. మా భార్య మెచ్చుకొనెను. మాకును కొంత గర్వము కలిగెనని యొప్పుకొనవలసినదే.

మే మాసమున ఆ కొండలలో ఉదయమంతయు ఎండ కాసి, సాయంకాలమున ఉరుములతో వాన కురియుట సామాన్యము. ఆనాడును అట్లే జరిగెను. మూడు గంటల వేళ మొదలైన వానకు పందిరి గుడ్డ మూలలయందు సంచివలె క్రిందికి సాగి, నీరు నిలువజొచ్చెను. కఱ్ఱతో పొడిచి ఒక మూల ఖాళీ చేయునంతలో వేరొక మూల నిండెను. మా తొమ్మిదేండ్ల కుమార్తె మడత మంచముపై నిదురించుచుండెను. గాలి హోరు హెచ్చగా మా భార్య బిడ్డను ఎత్తుకొని బండిలోనికి పోయెను. బండి తలుపు మూసిన చప్పుడు వినబడిన మరుక్షణముననే పందిరి కాలొకటి వంగి, పైచట్రమంతయు ఆ మంచముపై కూలెను. మంచపు బద్ద విరిగెను. బిడ్డకు ఏమియు కాలేదు, దేవునికి స్తోత్రము. కాని ఆ విరిగిన బద్దను చూచినప్పుడు మాకు నోట మాట రాలేదు.

వాన వెలియువరకు బండిలోనే కూర్చుంటిమి. పిడుగులు పడునప్పుడు ఏ పందిరియు రక్షణ కాదు. లోహపు కప్పు గలిగి, అద్దములు మూసిన బండియే మేలు. కొంతసేపటికి మా భార్య, "ఏమండీ, పిల్లలకు చెప్పే లెక్క మీరు వేసుకోలేదా?" అని మెల్లగా నడిగెను. అప్పుడు వేసితిమి. ఒక చదరపు మీటరుపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో పది లీటర్లు, అనగా పది కిలోగ్రాములు. మా పందిరి వైశాల్యము తొమ్మిది చదరపు మీటర్లు. నీరు జారక నిలిచినచో తొంబది కిలోగ్రాములు! అందు సగమే నిలిచినను, ఎనిమిదవ తరగతి బాలు డొకడు పైకెక్కి కూర్చున్నట్లే గదా. గాలి సంగతి యింతకంటె కఠినము. దాని వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగు రెట్లగును. ఏటేట నల్లబల్లపై వ్రాయుచున్న లెక్కయే. మాకు మేము వేసికొనలేదు.

వెలుపలికి వచ్చి చూడగా, ఆ రైతు తన వంటచెఱకుపై కట్టిన నీలిరంగు బరకము చెక్కుచెదరక యుండెను. రెండు వెదురు గుంజలు, నడుమ నొక వాసము, కొన్ని త్రాళ్లు; అంతియే. ఒక ప్రక్క ఎత్తు, రెండవ ప్రక్క పల్లము. మేము తేరిపార చూచుట గమనించి యతడు, "నీళ్లకు దారి చూపకపోతే నెత్తిమీదే కూచుంటాయి మాస్టారూ" అని నవ్వెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నుండగా స్కౌటు శిబిరమున మాకు నేర్పినదియు నిదియే.

పిదప విచారించియు, పరీక్షించియు తెలిసికొన్న సంగతు లివి. పందిరికి మొదట వాలు కావలెను. ఎండకు చాలిన చదునైన కప్పు వానకు చాలదు. ఉక్కు చట్రము గట్టిది గాని బరువు, రంగు లేచినచోట త్రుప్పు పట్టును. అల్యూమినియము తేలిక, త్రుప్పు పట్టదు గాని పలుచనిదైనచో వంగును. కాళ్లను మాత్రమే గాక కీళ్లను గూడ కదిపి చూడవలెను. నూలు కాన్వాసు చల్లని నీడ నిచ్చును. తడిసినప్పుడు దారములు ఉబ్బి నేత బిగియును. అయితే మిక్కిలి బరువు. తడిగా మడిచినచో బూజు పట్టును. నైలాను తడిసినచో సాగును. పాలిస్టరు అంతగా సాగదు, ఎండకును ఎక్కువ కాలము ఓర్చును. కుట్లయందు నీరు దిగకుండ లోపల పట్టీ వేసినది మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనవి మేము ఇంట విడిచిన త్రాళ్లును మేకులును. మేకు తల పందిరికి ఎడముగా వాలునట్లు దిగగొట్టవలెను. ఒక ప్రక్కను బండి కప్పుపైని కమ్మీలకు కట్టవచ్చును గాని, విప్పకుండ బండి కదల్చరాదు. ఎండిన వాగునందును, ఎండుకొమ్మల క్రిందను పందిరి వేయరాదు. గుడ్డ క్రింద పొయ్యి వెలిగింపరాదు. గాలి మితిమీరినచో మొగమాటము లేక పందిరిని దించివేయవలెను.

2024వ సంవత్సరము వేసవిలో మరల ఆ కళ్లమునకే పోయితిమి. ఈ మారు పాలిస్టరు బరకము, రెండు గట్టి గుంజలు, ఎనిమిది త్రాళ్లు తీసికొంటిమి. నిలుపుటకు అరగంట పట్టెను. మా కుమార్తె బండిపై కెక్కి, చెంబెడు నీళ్లు బరకముపై పోసి, అవి ఎటు జారునో చూచి, పిదపనే మంచము వేయనిచ్చెను. ఆ సాయంకాలము వాన వచ్చెను. నీరు తన దారిని తాను పోయెను.

పాత పందిరియొక్క వంగిన కాలు మా తరగతి గది మూలను నిలిచియున్నది. వైశాల్యమును గూర్చిన పాఠము వచ్చినప్పుడు దానిని పిల్లల చేతికిచ్చి, లెక్క వారిచేతనే వేయించుచున్నాము.