టామీ కలలోకి ఎవరొచ్చారు?

నాన్న పోయి నలభై రోజులు. వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి రోలుగుంటలోనే ఉండిపోయా. అమ్మని నాతో హైదరాబాద్ తీసుకెళ్లాలని ప్లాన్. కానీ మా ఫ్లాట్ ఓనరు కుక్కలొద్దంటాడు. "టామీని పక్కింటివాళ్లకి ఇచ్చేద్దామమ్మా" అన్నా. అమ్మ ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లిపోయింది.

ఆ రాత్రి ఒంటిగంటకి యూఎస్ కాల్ ముగించి వరండాలోకొచ్చా. నాన్న మంచం కింద టామీ పడుకుని ఉంది. ఉన్నట్టుండి పరిగెడుతున్నట్టు కాళ్లు ఆడించింది. గొంతులోంచి సన్నగా అరుపు. లేపబోయా.

"లేపీకురా, పడుకోనీ. మీ నాన్నతో పొలానికెళ్తంది కాబోలు."

అమ్మ కూడా నిద్రపోలేదన్నమాట.

ఇక నాకూ నిద్ర పట్టక ఫోన్లో చదువుతూ కూర్చున్నా. మనకి స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చే దశని రెమ్ నిద్ర అంటారు. అప్పుడు మూసిన రెప్పల కింద కళ్లు చకచకా కదులుతాయి. మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దీని గురించి ప్రకటించారు. కుక్కలకీ, పిల్లులకీ, ఆవులకీ ఈ నిద్ర ఉంది. ఆ టైంలో ఒళ్లు కదలకుండా మెదడు బ్రేక్ వేస్తుంది. ఫ్రాన్స్‌లో మిషెల్ జువే పిల్లుల మెదడులో ఆ బ్రేక్ ఉన్నచోటు దెబ్బతీసి చూస్తే, అవి నిద్రలోనే లేచి, లేని ఎలుకని వేటాడినట్టు చేశాయి. టామీ కాళ్లు ఆడటమంటే ఆ బ్రేక్ కొంచెం జారడమే.

2001లో ఎంఐటీ వాళ్లు ట్రాక్ మీద తిరిగే ఎలుకల మెదడు కణాలు ఏ వరసలో స్పందిస్తాయో రికార్డు చేశారు. అవి రెమ్ నిద్రలో ఉన్నప్పుడు దాదాపు అదే వరస మళ్లీ కనిపించింది. మా భాషలో చెప్పాలంటే, పగటి లాగ్స్‌ని రాత్రి రీప్లే చేయడం.

టామీ కలలో ఉన్నది నాన్నేనని సైన్స్ చెప్పదు. దాన్ని అడగలేం కదా! కానీ ఏడేళ్లు రోజూ నాన్న వెనకాలే చెరుకు తోటకెళ్లిన కుక్క దగ్గర, రీప్లే చేసుకోడానికి ఇంకేం ఉంటుంది?

పొద్దున్నే ఓనరుకి ఫోన్ చేసి ఫ్లాట్ ఖాళీ చేస్తానని చెప్పా. కుక్కని రానిచ్చే ఇల్లు వెతుకుతున్నా. దొరికేదాకా ఇక్కడే.

ఆ మాట చెప్తే అమ్మ టామీ గిన్నెలో అన్నం కలుపుతూ, "ముందు నువ్వెళ్లి పడుకో. కళ్లు చూడు, ఎలా ఉన్నాయో" అంది.