కట్టంగూర్ నుంచి బాసరకు

2024 ఏప్రిల్ 12, శుక్రవారం

పదో తరగతి పరీక్షలు అయిపోయినయి. మా కట్టంగూర్ బడి పలచబడ్డది. తీరిక దొరికి, కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి గురించి చదువుతున్న. పూర్తి పేరు దబ్బాల రాజగోపాలరెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిండు. గిండీలో ఇంజినీరింగ్, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ, ఆ తర్వాత కార్నెగీ మెలన్‌లో ప్రొఫెసర్. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

నన్ను కట్టిపడేసింది అవార్డు కాదు. మనిషి నోటితో చెప్తే యంత్రానికి అర్థం కావాలన్న పట్టు. 1976 నాటికి కార్నెగీ మెలన్‌లో తయారైన హార్పీ అనే ప్రోగ్రాం సుమారు వెయ్యి మాటలు గుర్తుపట్టేది. 2004లోనైతే కంప్యూటర్, టీవీ, ఫోన్ ఒక్క పెట్టెలో పెట్టి, రిమోట్‌తో నడిచేటట్టు, పేదల కోసం తయారుచేయాలని పూనుకున్నడు. రాయడం, చదవడం రాని మనిషిని దృష్టిలో పెట్టుకొని పనిచేసే కంప్యూటర్ ప్రొఫెసర్లు ఎంతమంది ఉంటరు?

ఏప్రిల్ 21, ఆదివారం

బస్టాండ్ దగ్గర మా బడి పిల్ల వాళ్లమ్మ కనబడ్డది. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి, "నల్లగొండల బత్తాయి టన్నుకు ఎంత నడుస్తున్నది?" అని అడిగింది. తెర మీద ఏదో సినిమా పాట వచ్చింది. నన్ను చూసి, "మన మాట దీనికి ఎక్కదు సారూ" అన్నది. నేను "బత్తాయి ధర ఎంత" అని పుస్తకాల భాషలో అడిగితే వెంటనే చూపించింది. బత్తాయి తోటలో పొద్దంతా కష్టపడే ఆమె మాటను అందుకోలేని యంత్రం పని ఇంకా పూర్తికాలేదనే నా లెక్క.

మన గోడు వినని యంత్రం మా బడి పిల్లలకు కొత్త కాదు. కరోనాలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చినయి. పాఠం ఇంటికొచ్చింది గానీ, "అర్థం కాలే సార్" అని చెప్పుకునే దిక్కు లేకపోయింది. లెక్కల్లో ఆ గండి ఇప్పటికీ పూడ్చుతూనే ఉన్నం.

మే 2, గురువారం

మొన్న 30న పదో తరగతి ఫలితాలు వచ్చినయి. మా బడి ఆడపిల్లలు మంచి జీపీఏ తెచ్చుకున్నరు. వాళ్లను బాసర ట్రిపుల్ ఐటీకి పంపాలని నా ఆశ.

2008లో పల్లె పిల్లల కోసం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు వెనుక నిలబడ్డది రాజ్ రెడ్డి గారే. వాటికి తొలి చాన్సలర్ కూడా ఆయనే. పదో తరగతి కాంగనే చేరితే ఆరేళ్లలో ఇంజినీరింగ్ పట్టాతో బయటికొస్తరు. పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చిండ్రని అందరూ చెప్పుకుంటరు. నాకైతే దానికన్నా పెద్దది ఒక చిన్న నిబంధన: హాస్టల్ లేని సర్కారు బడిలో చదివిన పిల్ల జీపీఏకు ఈ 2024లో కూడా 0.4 కలుపుతరు. 9.4 తెచ్చుకున్న పిల్ల 9.8 దగ్గర నిలబడుతది. ట్యూషన్ లేక, ఇంట్లో పనులు చేసుకుంట చదివిన పిల్లకు అది దానం కాదు, రావలసిన బాకీ.

ప్రవేశాల నోటిఫికేషన్ దాకా ఆగొద్దు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో ఇప్పుడే దరఖాస్తు పెట్టించాలె. "ఆడపిల్లను అంత దూరం పంపం సారూ" అనే ఇండ్లకే రేపు ముందుగ పోవాలె.