సెసియా లోయ: పైకి నడిస్తే పాతాళం

జూన్ 9, బోర్గోసెసియా

ఉత్తర ఇటలీ, ఆల్ప్స్ పాదాల దగ్గర. కోసుగా లేచిన కొండ లేదు, బిలం లేదు, పొగ లేదు. ఉన్ని మిల్లులు, చెస్ట్‌నట్ చెట్లు, మంచు కరిగి ఉరకలేస్తున్న సెసియా నది. కానీ సుమారు 28 కోట్ల ఏళ్ల కిందట పేలి కూలిన మహా అగ్నిపర్వతపు కాల్డెరా, అంటే కూలగా ఏర్పడ్డ పెద్ద గుంట, ఇక్కడే. అడ్డంగా పది కిలోమీటర్ల పైమాటే. అప్పటికింకా డైనోసార్లు పుట్టలేదు.

ఫోన్‌లో అమ్మ: "పొగొస్తోందా? దగ్గరికి పోకు నాయనా." ఎప్పుడో చల్లారిపోయిందమ్మా అన్నాను. "మరి చూడ్డానికేముంది అక్కడ?"

జూన్ 10

ఉంది. మామూలు అగ్నిపర్వతం దగ్గర మనకు దక్కేది పైకప్పే. దాని కింద మాగ్మా ఎక్కడ పుట్టింది, ఎలా పైకొచ్చింది అన్నది ఊహించుకోవలసిందే. ఇక్కడ ఆఫ్రికా, యూరప్ వైపు భూఫలకాలు ఢీకొని ఆల్ప్స్ లేచినప్పుడు ఈ భూపటలం ముక్క పక్కకు ఒరిగిపోయింది. బావి ఒరిగి పడిపోతే నేలమీద నడుస్తూనే దాని అడుక్కి చేరినట్టు, నది వెంట ఎగువకు పోయేకొద్దీ పాతిక కిలోమీటర్ల లోతుకు దిగుతాం.

ఊరి దిగువన ఎర్రబారిన రయొలైట్ అనే లావా రాయి. కొన్నిచోట్ల బూడిద గట్టిపడిన రాతిలో వేరే రాళ్ల పెళ్లలు ఇరుక్కుని ఉన్నాయి. మాగ్మా ఖాళీ అయ్యాక పైకప్పు కూలి, చుట్టుగోడలు విరిగి లోపల పడ్డాయి. ఆ శిథిలాలే ఇవి.

పక్కనే మోంటె ఫెనెరా. అగ్నిశిలల మీద సున్నపురాయి. అంటే నిప్పు ఆరాక సముద్రం వచ్చి కప్పేసింది. ఆ సున్నపురాతి గుహల్లో నియాండర్తల్ పళ్లు దొరికాయి. ఒక్క కొండకు ఇంత చరిత్ర ఎక్కువే.

జూన్ 11, వరాల్లో

దారిలో రొక్కాపియెత్రా గ్రానైట్. పైకి రాలేక లోపలే చల్లారిన మాగ్మా ఇది. ఊరి మీది గుట్టపై సాక్రో మోంటె: క్రీస్తు కథ చెప్పే నిలువెత్తు బొమ్మలతో నలభైకి పైగా మందిరాలు. జనం బొమ్మలు చూస్తున్నారు, నేను రోడ్డు కోసిన చోట రాళ్లు.

లోతు రాళ్లూ, పైన లావాలూ ఇక్కడున్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. రెండూ ఒకే వంటకమని రుజువు చేసింది జేమ్స్ క్విక్, సిల్వానో సినిగోయి బృందం. జిర్కాన్ స్ఫటికాల వయసు లెక్కగడితే కింది లోతు రాయి గాబ్రోకీ, పై లావాకీ పొంతన కుదిరింది. 2009లో ప్రచురించారు. భూపటలం కిందున్న పొర మాంటిల్ నుంచి వచ్చిన వేడి మాగ్మా భూపటలం అడుగున చేరి, పైనున్న రాళ్లను కరిగించింది. ఆ కరిగిందే పైకెక్కి పేలింది.

జూన్ 12, బల్మూచ్చా

ఇక్కడితో అడుగు. రాయి పైన తుప్పు పసుపు, విరిగిన చోట ఆకుపచ్చ. పెరిడొటైట్, సాక్షాత్తూ మాంటిల్ ముక్క. మనుషులు యంత్రాలతో తవ్వి ఇంతవరకూ చేరలేని చోటి నుంచి వచ్చిన రాయి మీద చెయ్యి పెట్టాను. కాసేపు మాట రాలేదు. కింద నదిలో కయాక్ కుర్రాళ్లు కేకలు వేసుకుంటూ పోతున్నారు, వాళ్ల పడవలు తగులుతున్నదీ ఈ రాయికే.

రాత్రి మియాచ్చె తిన్నాను. ఇనప పలకల మధ్య కాల్చిన పల్చటి అట్టు, లోపల చీజ్. ఉప్పు తక్కువ.

జూన్ 13

ఈ ప్రాంతాన్ని 2013లో జియోపార్కుగా గుర్తించారు. పొగ, లావా ఆశించి వచ్చేవాళ్లకు సెసియా దండగ. అగ్నిపర్వతం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం వెసూవియస్ కన్నా ఇదే నయం.

ఇంత దూరం రాలేనివాళ్లకు ఒక మాట. సుమత్రాలో 74,000 ఏళ్ల కిందట పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురంలో పొరగా ఉంది. ఆ పొర కిందా, పైనా ఆనాటి మనుషుల రాతి పనిముట్లు దొరికాయి. ఆ బూడిదను తవ్వి అమ్ముకుంటూ వచ్చారు కూడా. యాగంటి వెళ్లినప్పుడు ఒక పూట అటూ వెళ్లి చూసి రండి, పొర మిగిలి ఉండగానే.