నూనె లేని నలుగు

ఈ మధ్య మా ఇంటికొచ్చిన వాళ్లని ఫ్రిజ్ తలుపు తియ్యనివ్వడం లేదండీ నేను. లోపల పెరుగు గిన్నెలు రెండున్నాయి, తినేది ఒకటే. శనగపిండి డబ్బాలూ రెండే. ఒకటి బజ్జీలకి, రెండోది మొహానికి. తేనె సీసా మీద మా ఆయన స్కెచ్ పెన్నుతో ‘ఇది నోట్లోకి’ అని రాసి అతికించారు. ఆయన భయం ఆయనది.

ధనుర్మాసం చలి మొదలయితే చాలు, ఆడామగా అని లేదు, అందరికీ ఒంటి మీద ధ్యాస పుడుతుంది. పిక్క మీద గోటితో గీస్తే తెల్లగా గీత పడుతుంది. మడమల పగుళ్లు దుప్పటికి పట్టుకుంటాయి. ఆ చలికి మనం పొగలు కక్కే వేడినీళ్లు పోసుకుంటాం. అవి చర్మం మీద మిగిలిన ఆ కాస్త జిడ్డునీ కరిగించి తీసుకుపోతాయి. సంక్రాంతికి చుట్టాలొస్తారు, ఆ వెనకే మాఘమాసం పెళ్లిళ్లు. అందుకని ఈ రోజుల్లో ఎవరింట్లో చూసినా ఏదో ఒక పూత, ఏదో ఒక ప్రయోగం నడుస్తూనే ఉంటుంది.

మా ఇంట్లో ప్రయోగాలకి కారణం మా అన్నయ్య కూతురు. మాఘమాసంలో దాని పెళ్లి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దాని అద్దం ముందు ఉన్నన్ని సీరం సీసాలు మా వీధి చివర మందుల షాపులో కూడా ఉండవు. అయినా ఓ రాత్రి ఫోన్ చేసింది.

“అత్తా, నువ్వు పట్టించే సున్నిపిండి ఓ కిలో పంపవా? పెళ్లి దాకా రోజూ పెట్టుకుంటాను.”

“పంపుతానే. ఇంతకీ నూనె ఏం రాసుకుంటావు?”

“నూనెందుకు? జిడ్డు! నాకసలే మొటిమలు.”

“మొహానికి కాదే తల్లీ, ఒంటికి.”

“ఒంటిక్కూడా వద్దత్తా. పొద్దున్నే మీటింగులుంటాయి.”

అదిగో, అక్కడే పోయింది అసలు సంగతి. నలుగు అంటే పిండి ఒక్కటే అనుకుంటున్నారు మన పిల్లలు. పిండి రెండో సగం. మొదటి సగం నువ్వుల నూనె. గోరువెచ్చగా కాచి, ఒళ్లంతా పట్టించి, కాసేపు నాననిచ్చి, ఆ తరవాత పిండి. పెసలకీ శనగలకీ జిడ్డు పీల్చుకునే గుణం ఉంది. ఒంటి మీద మిగిలిన నూనెని తీసెయ్యడానికే పిండి పెట్టారు గానీ, పిండితో చర్మానికి సానపట్టమని కాదు. తల దగ్గరా ఇదే లెక్క. నూనె అంటుకున్నాక కుంకుడు రసం. కుంకుడుకాయలో ఉండే సాపోనిన్ అనే పదార్థం నురగ కట్టి జిడ్డుని ఎత్తుకుపోతుంది. నూనె లేని తలకి రోజూ కుంకుడుకాయ పోసి చూడండి, జుట్టు పీచవుతుంది. నూనె లేని ఒంటికి రోజూ సున్నిపిండి రుద్దినా అంతే. అసలే చలికి ఎండిపోయిన చర్మం మీద పొడిపిండి రుద్దడం కొంచెం సన్నరకం గరుకు కాగితంతో తోముకోవడమే. ‘సున్నిపిండి నాకు పడలేదు, దురదలొచ్చాయి’ అనేవాళ్లని ఒక్క మాట అడగండి, నూనె రాసుకున్నారా అని. చాలామంది రాసుకోరు.

నలిచినప్పుడు ఉండలుండలుగా రాలుతుంది చూశారా, నల్లగా? దాన్ని చూసి ‘అబ్బో, ఎంత మట్టో’ అని మురిసిపోతాం. అందులో ఎక్కువ భాగం పిండీ నూనే. మిగతాది ఎలాగూ రాలిపోవలసిన చచ్చిన పైపొర. మనం నలిచినా నలవకపోయినా ఆ పొర దానంతటదే మారుతూ ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లకి సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. కాబట్టి ‘వారంలో నిగారింపు’ అనే మాట సీసా మీద రాసినా, పెద్దమ్మ చెప్పినా నమ్మకండి. పార్వతీదేవి అంటే నలుగు పిండితో ఏకంగా పిల్లవాణ్ణే చేసింది. అంత రాలేదాకా రుద్దమని మనకెవరూ చెప్పలేదు.

సరే, పిండి సంగతికొస్తాను. పెసలు, శనగపప్పు, గుప్పెడు బియ్యం, ఎండబెట్టిన గులాబీ రేకులు, వట్టివేళ్లు, కచ్చూరాలు, కస్తూరి పసుపు. వంటపసుపు వెయ్యను. అది పట్టుకుంటే వదలదు, చీర మెడ దగ్గర, దిండు గలీబు మీద ఎక్కడ చూసినా మరకే. కస్తూరి పసుపుకి ఆ బాధ లేదు. అన్నీ పెళపెళలాడేలా ఎండబెట్టి మరకి తీసుకెళ్లాలి. మరాయన్ని ముందు రెండు ప్రశ్నలడగాలి. ఇంతకుముందు ఏం పట్టావు బాబూ, దీంట్లో కారం ఎప్పుడైనా పట్టావా. ఆయన ‘లేదమ్మా’ అన్నా గుప్పెడు బియ్యం పోయించి, మరలోంచి వచ్చిన ఆ మొదటి పిండి రంగు చూడాలి. ఎర్రజీర కనిపించిందా, సంచీ చంకన పెట్టుకుని వెనక్కి వచ్చెయ్యడమే. మొహమాటపడ్డారో, సాయంత్రం స్నానాల గదిలోంచి కేకలు వినాల్సొస్తుంది.

బావంచాలు చెప్పలేదేం అని మీలో పెద్దవాళ్లు అడగబోతున్నారు. తెలుసు. మూలికల కొట్లో సున్నిపిండి సామాను అనగానే పొట్లం కట్టేవాటిలో బావంచాలు ఉండనే ఉంటాయి. నల్లటి చిన్న గింజలు, ఘాటైన వాసన. ‘రంగు తేలడానికమ్మా’ అంటాడు కొట్టాయన. ఇక్కడే నాకు నవ్వాగదు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మానికి తగిలాక ఎండ పడితే చర్మం కందుతుంది, ఆ తరవాత నల్లబడుతుంది. బొల్లి మచ్చల్లో రంగు మళ్లీ పుట్టించడానికి వైద్యులు వాడే మందు జాతి అదే. ఇచ్చేటప్పుడు కిరణాల మోతాదు కూడా వాళ్లు లెక్కగట్టి ఇస్తారు. రంగు తెప్పించే గింజని రంగు తగ్గడానికి రాసుకుని, స్నానం చేసి, తడిజుట్టు ఆరబెట్టుకోవడానికి డాబా మీద ఎండలో నిలబడతాం మనం! ఇంకో తమాషా ఏమిటంటే, అవే గింజల నుంచి మన శాస్త్రవేత్తలు 1966లో బాకుచియోల్ అనే ఇంకో పదార్థాన్ని విడదీశారు. ఇప్పుడు మా మేనకోడలి సీరం సీసాల్లో ఒకటి అదే. ముడతలు పడకుండానట. ఆ సీసాలో సోరాలెన్ లేకుండా శుద్ధి చేసి పోస్తారు. మనం గింజని గింజలాగే మరలో వేస్తాం. తేడా అంతా అక్కడుంది.

నిమ్మకాయదీ ఇదే కథ, ఇంకా ముదురు కథ. మన పచ్చినిమ్మకాయ తొక్కలోనూ రసంలోనూ ఆ సోరాలెన్ జాతి పదార్థాలున్నాయి. నిమ్మచెక్క మొహానికి రుద్దుకుని ఎండలోకి పోతే, కారిన చోటల్లా చారలు చారలుగా నల్లబడి నెలల తరబడి ఉండిపోవచ్చు. అది కాక పులుపు. చర్మం పైన సహజంగా ఉండే ఆమ్లత పీహెచ్ లెక్కలో 5 దగ్గర్లో ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. ఈ లెక్కలో ఒక్కో అంకెకీ పదింతలు, కాబట్టి చర్మానికి అలవాటయిన పులుపు కంటే నిమ్మరసం సుమారు వెయ్యి రెట్లు పులుపన్నమాట. వంటసోడా దీనికి సరిగ్గా ఎదురు, 8 దాటుతుంది. ఆ రెండూ కలిపి బుసబుస పొంగించి మొహానికి పూసుకునే చిట్కా కూడా ఒకటి తిరుగుతోంది. బుసబుసలాడేది పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది కాబోలు. ఇంట్లోది కదా, ఏం చేస్తుందిలే అనుకోకండి. ఉప్పూ కారం కూడా ఇంట్లోవే.

ఇక తెలుపు పిచ్చి. నలుపు నారాయణుడు మెచ్చు అని సామెత చెబుతూనే పెళ్లిచూపుల్లో పిల్ల రంగు అడిగే జాతి మనది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది, 2020లో పేరులోంచి ఆ ‘ఫెయిర్’ తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారడానికి 45 ఏళ్లు పట్టింది, కోరిక మారడానికి ఎన్నాళ్లు పడుతుందో. నాకు ఆ క్రీముల కంటే భయం వేసేది మందుల షాపులో ‘తెల్లబడే ట్యూబు’ అని అడిగి తెచ్చుకునేవి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట నిజంగానే మెరుపొస్తుంది. తరవాత చర్మం పల్చబడి, ఎర్రబడి, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. మానేస్తే మంట, మానకపోతే ఇంకా పల్చన. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు కొన్నింటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. చీటీ అడిగే షాపు మీకెప్పుడైనా తగిలిందా?

మేనకోడలి సీసాల్లో నేను మెచ్చుకున్నది ఒక్కటే, సన్‌స్క్రీన్. మన ఎండలకి దాన్ని మించింది లేదు. అయితే అది రాసుకునేది శనగగింజంత! చూపుడువేలూ మధ్యవేలూ పొడుగునా రెండు గీతలు పెట్టుకుంటే మొహానికీ మెడకీ సరిపోతుంది. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది చర్మాన్ని కాల్చే కిరణాల్లో 97 శాతం ఆపుతుందని చెప్పేది అంత మందాన పూసినప్పుడు. శనగగింజకి ఆ పుణ్యం దక్కదు.

చర్మం గురించే మాట్లాడుతున్నాను, లోపలి మనిషి సంగతో? మేనకోడలికి పెళ్లి బ్లౌజు కొలతలు తీసుకున్న రోజు నుంచీ పొట్ట దిగులు. పొట్ట తగ్గడానికి పొట్ట ఆసనాలు వేస్తోంది. కొవ్వు మనం చెప్పిన చోట నుంచి కరగదు. కరిగితే ఒళ్లంతా కరుగుతుంది, దానికి ఇష్టమైన వరుసలో. టేపు పెట్టి చూసుకోవాలంటే మాత్రం మన జాతులకి నడుము చుట్టుకొలత ఆడవాళ్లకి 80, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదని లెక్క. మా ఆయన టేపుకీ తనకీ మధ్య గాలి కూడా లేకుండా ఊపిరి బిగబట్టి కొలుచుకుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమంది. ఆ మాట అందరికీ తెలుసు. దాని పక్కనే వారంలో రెండు రోజులు కండరాలకి బలమిచ్చే పని చెయ్యమని కూడా ఉంది, అది ఎవరికీ గుర్తుండదు. నడకకి పార్కు నిండా జనం. బస్కీలు తీసేవాడొక్కడూ కనపడడు. వీరఘట్టంలో పుట్టి, రొమ్ము మీదికి ఏనుగునెక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారి గడ్డ కదండీ మనది! ఏనుగు మనకొద్దు. 25 కిలోల బియ్యం బస్తా నడుం పట్టెయ్యకుండా పక్కకి జరపగలిగితే చాలు. నేను పాలు పొయ్యి మీద పెట్టి, గట్టు పట్టుకుని గుంజీలు తీస్తాను, వినాయకచవితి నాడు తీసినట్టే, చెవులు వదిలేసి. పాలు కాగే లోపల ఎన్నయితే అన్ని. మొదట్లో పీట మీంచి లేవాలంటే గోడ కావాల్సొచ్చేది. ఇప్పుడు గోడ అక్కర్లేదు. మొహంలో కళ వచ్చిందో లేదో అద్దాన్నడగాలి గానీ, ఈ సంగతి మోకాళ్లే చెబుతాయి.

కండ పట్టాలంటే తిండీ కావాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మన అన్నం, చారు, మజ్జిగ భోజనంలో అంత రావడం కష్టమే. వంద గ్రాముల పెసరపప్పులో 24 గ్రాముల దాకా ఉంటాయి. నా సలహా ఏమిటంటే, మొహానికి కలిపే పెసరపిండిలో ముప్పాతిక భాగం పెసరట్టుకి మళ్లించండి. మేనకోడలికి ఈ ముక్క చెబితే ఒప్పుకుంది. నూనెకి కూడా ఒప్పుకుంది, ఆదివారాలు మాత్రం, అదీ కాళ్లకీ చేతులకీ. మొహాన్ని దాని సీసాలకే వదిలేశాను.

మీరూ సున్నిపిండి పట్టించుకుంటే డబ్బా స్నానాల గదిలో పెట్టకండి, తడిచెయ్యి తగిలితే పురుగు పడుతుంది. చిన్న సీసాలోకి కొంచెం కొంచెం తీసుకోండి. కొత్తది మొదట మోచేతి మడతలో రాసి ఓ రోజు చూడండి. మూలికల కొట్టాయన బావంచాలు పొట్లంలో వేసేస్తుంటే తీసెయ్యమనండి. ‘అవి లేకపోతే అది సున్నిపిండేనా అమ్మా’ అని గునుస్తాడు. ‘మా ఇంట్లో ఎవరికీ పడవు’ అంటే ఇంక మాట్లాడడు. కాకపోతే ఆ బరువుకి సరిపడా కచ్చూరాలు వేసి, డబ్బులు మాత్రం అంతే తీసుకుంటాడు.